ఉప్పు వేశావా అని అడిగిన డబ్బా

మొన్న ఆదివారం ఎల్బీనగర్ చౌరస్తాలో, తెలంగాణ కోసం రోడ్డు మీదే వండుకుతినే వంటావార్పు దగ్గర, మైకులో గోంగూర పచ్చడి వినబడిందట, మీ దాకా వచ్చిందా? ఎవరో కావాలని ఉద్యమాన్ని ఆటపట్టించారని ఒకరు, పోలీసులే పెట్టించారని ఇంకొకరు, సైదాబాద్ దాకా రకరకాల కథలు పాకిపోయాయి. అవేవీ నిజం కావు. ఆ ఘనకార్యం చేసింది నేనే! కావాలని మాత్రం చేయలేదు. కూర్చోండి, చాయ్ చెప్పండి, మొదటినుంచీ చెప్తాను. నవ్వితే నవ్వండి గానీ మధ్యలో ఆపకండి. ఆగితే నాకు మళ్లీ సిగ్గు ముంచుకొస్తుంది.

నా సంగతి మీకు తెలిసిందే కదా. దిల్‌సుఖ్‌నగర్‌లో హార్డ్‌వేర్ కోర్సు చెప్తాను. కొత్త బ్యాచ్ వచ్చిన మొదటి రోజే పిల్లలందరి చేత ఒక మాట గట్టిగా అనిపిస్తాను: "ముందు స్లాట్ చూడు, తర్వాతే కార్డును తిట్టు!" అంటే ఏదైనా పని చేయకపోతే, లోపల పెట్టిన వస్తువును అనుమానించే ముందు, పెట్టిన చోటు సరిగ్గా ఉందో లేదో చూడమని. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నాకైతే ఆదివారం గుర్తు రాలేదు.

సకల జనుల సమ్మె మొదలయ్యాక ఇన్‌స్టిట్యూట్ బంద్. బస్సులు లేవు, బడులు లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలీదు. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే చేతులు ఊరుకుంటాయా? ఒక డబ్బా తయారుచేశాను. అరచేతిలో పట్టేంత బోర్డు, దానికి ఒక ప్లాస్టిక్ పెట్టె, పైన నాలుగు బటన్లు, పక్కన మెమరీ కార్డు పెట్టే సందు. యూఎస్‌బీ వైరుతో ల్యాప్‌టాప్‌కు తగిలించి ఏ బటన్ నొక్కితే ఏ పాట రావాలో ప్రోగ్రాం రాసుకోవచ్చు. పాటలేమో కార్డులో ఉంటాయి. కార్డు దొరికితే పచ్చ లైటు, దొరక్కపోతే ఎర్ర లైటు. ఆటో మీద మైకు సెట్టుకు దీన్ని కలిపితే చాలు, ఒక బటన్‌కు పాట, ఒక బటన్‌కు నినాదం!

మా కాలనీ జేఏసీకి యాదగిరన్న పెద్ద. ఆయనకు చూపిస్తే డబ్బాను అటు తిప్పి ఇటు తిప్పి, "సారూ, ఫోన్ల పాట పెట్టి మైకుకు వైరు గుచ్చితే అయిపోతది గదా?" అన్నాడు.

"అన్నా, మధ్యల ఫోనొస్తే? రింగ్‌టోన్ మోగితే? ఉద్యమం నవ్వులపాలు కాదా?" అన్నాను.

నవ్వులపాలు. అవును, ఆ మాట నేనే అన్నాను.

అసలు విషయం ఏంటంటే, ఈ డబ్బా అంతా మా అమ్మ కోసం. అమ్మది పోచంపల్లి. పెళ్లయిన దగ్గర్నుంచీ మగ్గం పక్కనే కూర్చుని కండెలు చుడుతూ పాడుకుంటూ ఉండేది. ఆ గొంతు వింటే మగ్గం చప్పుడు కూడా తాళం వేసినట్టే ఉండేది నాకు. ఈసారి బతుకమ్మకు కాలనీ ఆడవాళ్లందరి చేత తనే పాట కట్టి పాడించింది.

"పోగు పోగు కలిసి ఉయ్యాలో, చీరాయె చూడమ్మ ఉయ్యాలో
ఊరు ఊరు కలిసి ఉయ్యాలో, పోరాయె చూడమ్మ ఉయ్యాలో"

యాదగిరన్న విని లేచి నిలబడ్డాడు. "అమ్మా, ఆదివారం చౌరస్తాల నువ్వు పాడాలె!" అన్నాడు. అమ్మ ముఖం కొంగులో దాచుకుంది. "అమ్మో! గంత మందిల నాకు గొంతు రాదు బిడ్డా. గావాల్నంటే రికార్డు పెట్టుకోన్రి" అంది. అలా అన్నదే గానీ, నేను ఫోన్‌లో రికార్డు చేశాక హయత్‌నగర్ నుంచి చిన్నమ్మకు, పోచంపల్లిలో ఉన్న వాళ్లందరికీ ఫోన్లు చేసి చెప్పింది. "ఆదివారం రాన్రి, నా గొంతు మైకుల ఇంటరు." తను నేయించుకుని దాచుకున్న పట్టుచీర బయటికి తీసి ఎండలో వేసింది. పుట్టి బుద్ధెరిగాక అమ్మ దేనికీ ఇంత ఉబలాటపడగా నేను చూడలేదు. నాకు కావలసిందల్లా ఆ పాట చౌరస్తాలో వినబడటం, అమ్మ అక్కడ నిలబడి వినటం. అంతే.

ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, పాట ల్యాప్‌టాప్‌లోకి తీసుకుని, నా ఫోన్‌లో కార్డు ఊడదీసి డబ్బాలో పెట్టాను. ఎర్ర లైటు.

తీసి మళ్లీ పెట్టాను. ఎర్ర లైటు! ఊదాను. ఎర్ర లైటు! కార్డును కార్డు రీడర్‌లో పెట్టి ల్యాప్‌టాప్‌లో చూస్తే శుభ్రంగా తెరుచుకుంటోంది. పాటలున్నాయి, ఫొటోలున్నాయి, అన్నీ ఉన్నాయి. ఇక్కడ ఏం అర్థం కావాలి? రీడర్‌లో చదువుతోంది, డబ్బాలో చదవడం లేదు, అంటే తప్పు డబ్బాలో ఉంది. మా ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి వారం పిల్లవాణ్ని అడిగినా చెప్తాడు. నేనేం చేశానో తెలుసా? కార్డును ఫార్మాట్ చేశాను.

ఫార్మాట్ అంటే తుడిచేయడం. అందులో ఉన్నవన్నీ పోయాయి. మళ్లీ డబ్బాలో పెట్టాను. ఎర్ర లైటు.

"సరితా! నీ ఫోన్ ఓసారి ఇయ్యి!"

మా ఆవిడ వంటింట్లోంచి అనుమానంగా వచ్చింది. "ఎందుకండీ?"

"నా కార్డు డూప్లికేట్. నీది మంచి కంపెనీది."

"రెండూ ఒకే దుకాణంల కొన్నం గదా?"

"ఒక్కో లాటు ఒక్కో తీరుగ ఉంటది. నీకు తెల్వదు." ఇలాంటి మాటలు చెప్పడంలో నన్ను మించినవాడు లేడు.

తన కార్డులో మొన్న సద్దుల బతుకమ్మ ఫొటోలున్నాయట. ల్యాప్‌టాప్‌లోకి తీసి పెట్టుకుంటానని చెప్పి, తీసి పెట్టుకోకుండానే ఫార్మాట్ కొట్టాను. తర్వాత రికవరీ సాఫ్ట్‌వేర్ వేసి తీస్తానులే అనుకున్నాను. అది కూడా ఎర్ర లైటే. నా వేలి చివర ఎర్రగా ఏదో పొడి అంటింది. ఈ ఊరేగింపుల్లో గులాల్ చల్లుతున్నారు కదా, ఎక్కడో తగిలి ఉంటుందని లుంగీకి తుడిచేసుకున్నాను.

అప్పుడే యాదగిరన్న వచ్చాడు. ఆటో తయారట, వంట గుండిగలు చౌరస్తాకు వెళ్లిపోయాయట. "సారూ, ఎట్లున్నది మన డబ్బా?"

"అన్నా, నీ ఫోన్ల కార్డున్నదా?"

పాపం, మారుమాట లేకుండా తీసి ఇచ్చాడు! ఉద్యమం కోసమంటే ప్రాణమే ఇస్తానన్న మనిషి, కార్డుకు వెనకాడతాడా? దాన్నీ ఫార్మాట్ చేశాను. ఎర్ర లైటు.

"సారూ, ఫోన్ల పాట పెట్టి వైరు గుచ్చితే..." అన్నాడు మళ్లీ.

"అన్నా! నువ్వు పో. నేను డబ్బా పట్టుకొని వస్త."

అన్న వెళ్లాడు. సరిత నా వైపు చూసింది. "ఆయన చెప్పింది మంచిగనే ఉన్నది గదండీ" అంది. నేను వినబడనట్టే బండి తీశాను. మూడు కార్డులూ చెడిపోయినవే అని మనసులో తీర్పు ఇచ్చేసుకున్నాను కదా, ఇక కొత్త కార్డు కావాలి. అందుకు దిల్‌సుఖ్‌నగర్‌కు మించిన చోటేముంది?

ఏముందంటే, ఆ రోజు బంద్. పిలుపు ఇచ్చిందెవరు? మేమే! కొత్తపేట దాటి చైతన్యపురి దాకా ఒక్క షట్టర్ తెరిచి లేదు. రోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో పాటలు ఎక్కించే దుకాణం ఒకటి నాకు తెలుసు. కార్డు ఇస్తే అందులో కావలసిన పాటలు వేసి ఇస్తాడు. దాని షట్టర్ మోకాలి ఎత్తుదాకా లేచి ఉంది. నేల మీద కూర్చుని వంగి లోపలికి చూశాను. నాకు రెండు కాళ్లు కనబడ్డాయి.

"భయ్యా, మెమరీ కార్డున్నదా?"

కాళ్లు వెనక్కి జరిగాయి. "బంద్ ఉన్నది. పో."

"భయ్యా, జర ఇయ్యి. అర్జెంటు."

"బంద్‌నాడు సామాన్ కొంటవా? తెలంగాణ మనిషివేనా నువ్వు?"

"ఉద్యమం కోసమే భయ్యా!"

"ఉద్యమం కోసమే బంద్ పెట్టిన నేను!"

షట్టర్‌కు అటు ఒకరం, ఇటు ఒకరం, ఇద్దరం తెలంగాణ వాళ్లమే, ఇద్దరం ఉద్యమం కోసమే కొట్లాడుకున్నాం. చివరికి చౌరస్తాలో అమ్మ పాట వేయాలని చెప్తే షట్టర్ కిందినుంచి ఒక చెయ్యి వచ్చింది, చేతిలో కార్డు ఉంది. "అమ్మ పాటంటే తీస్కపో. ఎవ్వలకు జెప్పకు" అన్నాడు. బంద్‌నాడు బంద్ వాళ్ల దగ్గరే దొంగచాటుగా సరుకు కొన్నవాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను.

గాలిలో తేలుతూ ఇల్లు చేరాను. కొత్త కార్డు, సీలు తీసింది నేనే! డబ్బాలో పెట్టాను.

ఎర్ర లైటు.

చెప్తే నమ్మరు, ఏడుపొచ్చింది. అమ్మ అప్పటికే పట్టుచీర కట్టుకుని, తలలో చామంతులు పెట్టుకుని, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. చిన్నమ్మ వాళ్లు హయత్‌నగర్ నుంచి ఎవరిదో ట్రాలీ ఆటో పట్టుకుని బయల్దేరారని ఫోన్ వచ్చింది. "అయ్యిందా కొడుకా?" అని అమ్మ అడిగింది. "అయితున్నదమ్మా" అన్నాను. అమ్మ తలలో చామంతులు సర్దుకుని మళ్లీ రోడ్డు వైపు చూసింది. నాకు అది ఇంకా కష్టంగా అనిపించింది.

అప్పుడు కిందింటి నుంచి ఆంటీ వచ్చారు. రాజ్యలక్ష్మి గారు, మా ఓనర్. తెనాలి వైపు వాళ్లు, ఈ ఇల్లు కట్టుకుని వచ్చి చాలా ఏళ్లయింది. ఉద్యమం గురించి ఆవిడ మాతో ఒకే మాట అంటారు: "మీ రాష్ట్రం మీరు తీసుకోండి బాబూ, మా కరివేపాకు చెట్టు జోలికి మాత్రం రాకండి." అమ్మకూ ఆవిడకూ పొద్దున లేస్తే కబుర్లు. ఒకరు ఏది వండినా గిన్నె మెట్లెక్కడమో దిగడమో జరగాల్సిందే.

"ఏంటి అబ్బాయ్, అంత దిగులుగా ఉన్నావు? వదినగారి పాట ఎన్నింటికి?"

సంగతి చెప్పాను. ఆవిడ వెంటనే తన ఫోన్ వెనక మూత తీశారు. "ఇదిగో, నా కార్డు తీసుకో. కానీ ఒక్క మాట. ఇందులో మా సుజాత కోసం వంటలన్నీ నా గొంతుతో రికార్డు చేసి పెట్టాను. పెళ్లయ్యాక పూణెలో పచ్చి మెతుకులు తింటోంది పిల్ల. ఇవి చెరిగిపోయాయంటే నేనూరుకోను. ఆ ఫార్మాటో ఏదో అంటావే, అది చేశావంటే చూడు!"

"చెయ్యను ఆంటీ, ఒట్టు!"

వెనక నుంచి సరిత, "గా ఒట్టు నాకెందుకు పెట్టలేదు?" అంది. అప్పటికి తన ఫొటోల సంగతి తెలిసిపోయింది.

ఆంటీ కార్డు పెట్టాను. కళ్లు మూసుకున్నాను. తెరిచాను.

పచ్చ లైటు!

"అయ్యింది! అయ్యిందమ్మా!" అని అరిచిన అరుపుకు పక్కింటి వాళ్లు కిటికీలోంచి తొంగిచూశారు. ఆంటీ చేతులు పట్టుకుని ఊపేశాను. "చూశావా సరితా, కార్డు మంచిదైతే ఎందుకు పని చెయ్యదు? నేను చెప్పలే?" గబగబా అమ్మ పాట కార్డులోకి ఎక్కించి, ఫైలుకు ఒకటో నంబరు పేరు పెట్టి, మొదటి బటన్‌కు ఒకటో పాట, రెండోదానికి రెండోది, అలా నాలుగింటికీ వరసగా ప్రోగ్రాం రాశాను. ఒకసారి నొక్కి చూద్దామంటే కరెంటు పోయింది, స్పీకర్లు లేవు. అయినా పచ్చ లైటు వచ్చాక ఇంక పరీక్ష ఎందుకు? "పరీక్ష చేయకుండా ఎవరికీ ఏదీ చూపించొద్దు" అని మా పిల్లలకు చెప్పే మాట ఇంకొకటుంది. అదీ గుర్తు రాలేదు.

చౌరస్తాకు వెళ్లేసరికి ఏం జనం, ఏం సందడి! నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, పొయ్యిల మీద గుండిగలు. ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో పప్పు, పక్కన ఆడవాళ్లు వరసగా కూర్చుని వంకాయలు కోస్తున్నారు. విజయవాడ వైపు నుంచి వచ్చే లారీలు హయత్‌నగర్ దాకా ఆగిపోయాయి. పోలీసులు నీడ చూసుకుని నిలబడ్డారు. మా వాళ్లందరూ వచ్చేశారు. చిన్నమ్మ అమ్మను చూసి, "ఓయమ్మ, పెండ్లిపిల్ల తీరుగ ఉన్నవే అక్కా!" అంది. ఆంటీ కూడా స్టీలు డబ్బాలో మాగాయ పట్టుకుని వచ్చారు. రోడ్డు మీద అన్నం తింటున్నారు కదా, నంజుకోవడానికి ఏదైనా ఉండాలి కదా అని.

నేను ఆటో ఎక్కి డబ్బాను మైకు సెట్టుకు కలిపాను. పచ్చ లైటు మెరుస్తోంది. యాదగిరన్న మైకు అందుకుని, "జై తెలంగాణ!" అన్నాడు. చౌరస్తా అంతా "జై తెలంగాణ!" అంది. "ఇప్పుడు మన కాలనీ తల్లులు పాడిన పాట! పోచంపల్లి ఆడబిడ్డ కట్టిన పాట! అందరు నిమ్మలంగ ఇనాలె!" అన్నాడు.

చౌరస్తా నిశ్శబ్దమైంది. అమ్మ చిన్నమ్మ చేయి పట్టుకుంది. నేను మొదటి బటన్ నొక్కాను.

"అమ్మాయ్ సుజాతా! ముందు చేతులు కడుక్కో. గోంగూర ఎర్ర కాడలదైతేనే పుల్లగా ఉంటుంది, తెల్లది తేకు..."

అర క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు. రెండో బటన్ నొక్కాను.

"వంకాయ బజ్జీలోకి, చూడమ్మా, కాయ కాల్చేటప్పుడు నూనె రాయాలి..."

మూడోది నొక్కాను. కొబ్బరి పచ్చడి! ఆపే బటన్ ఉందా? లేదు! ఆపడం ఎందుకు, పాట అయిపోతే అదే ఆగుతుందని నేను ప్రోగ్రాంలో రాయలేదు. తర్వాత తెలిసిందేంటంటే, నా బోర్డు ఫైళ్లను పేర్ల వరసలో చదవదు. ఏది ముందు కార్డులోకి ఎక్కితే అదే దానికి ఒకటి. ఆంటీ వంటలన్నీ ముందు ఎక్కాయి, అమ్మ పాట అన్నిటికంటే చివర ఎక్కింది. నాలుగు బటన్లకూ నాలుగు వంటలు!

"ఎవడ్రా గది పెట్టింది?" అని వెనకనుంచి ఒకరు అరిచారు. "ఆంధ్రోళ్ల మైకా ఇది?" అని ఇంకొకరు. ఆంటీ ముఖం పాలిపోయింది. మాగాయ డబ్బా కొంగు చాటుకు పోయింది. నేను అమ్మ వైపు చూడలేకపోయాను. చూశాను. తన చేయి చిన్నమ్మ చేతిలోంచి జారిపోయింది, తల దించుకుంది.

కంగారులో నాలుగో బటన్ నొక్కాను. మైకు ఖంగుమంది.

"పప్పు ఉడికిందా? సరే. ఉప్పు వేశావా? వేసి ఉండవు. నీకు మతిమరుపని నాకు తెలుసు. ఓసారి రుచి చూడు!"

పప్పు గుండిగ దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డ మా కాలనీ లక్ష్మమ్మ ఉలిక్కిపడింది. గరిటెతో కాస్త తీసి నాలుక మీద వేసుకుంది. కళ్లు పెద్దవి చేసింది.

"ఓ యాదగిరీ! నిజంగనే ఉప్పెయ్యలేరా!"

ఇక చూడండి! ముందు ఆడవాళ్లు నవ్వారు. తర్వాత వాళ్లను చూసి మగవాళ్లు నవ్వారు. నీడలో ఉన్న పోలీసాయన టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆగిన లారీలోంచి డ్రైవర్ తల బయటపెట్టి, "మేడం, చారు గూడ చెప్పుర్రి!" అని అరిచాడు. "ఆంధ్రోళ్ల మైకా" అన్న మనిషే ఉప్పు ప్యాకెట్ చింపి గుండిగలో పోశాడు. అంతమంది తినే పప్పు చప్పగా ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఉద్యమం చప్పబడిందనేవాళ్లు!

ఆంటీ మాత్రం జనాన్ని తోసుకుంటూ ఆటో దగ్గరికి వచ్చేశారు. "ఆపు అబ్బాయ్! నా గొంతు ఊరంతా వినాలా? ఇటివ్వు నా కార్డు!" అని తనే సందులోంచి కార్డు పీకేశారు. మైకు ఠక్కున ఆగింది. ఆవిడ కార్డును ఎండలోకి పట్టుకుని చూశారు. అటు తిప్పి చూశారు.

"ఇదేంటిది? నా కార్డుకు బొట్టెవరు పెట్టారు?"

"బొట్టేంది ఆంటీ?"

"ఇదిగో. కుంకుమ!"

కార్డు చివర, బంగారు గీతల మీద, ఎర్రగా కుంకుమ. నేను డబ్బా సందులోకి చూశాను. అంచుల్లో కుంకుమ, అడుగున కాస్త పసుపు. వెంటనే అన్నీ ఒకదాని వెనక ఒకటి తోసుకొచ్చాయి. దసరా. ఆయుధ పూజ. ఇంట్లో స్క్రూడ్రైవర్లు, సోల్డరింగ్ గన్ను, మల్టీమీటర్, బండి, అన్నిటికీ బొట్లు పెట్టింది నేనే. కొత్తగా చేసిన డబ్బా కదా, దానికి ఇంకా బాగా పెట్టాలని పసుపు దట్టంగా రాసి, కుంకుమ ఎక్కడ పెట్టాలా అని చూసి, ఆ సందు మీద సరిగ్గా కుదిరిందని అక్కడే బొటనవేలితో గట్టిగా అద్దాను. పైగా సరితను పిలిచి, "చూడు, ఎంత ముద్దుగ ఉన్నదో!" అని చూపించాను.

అంటే ఏమైందన్నమాట? నా కార్డు కొంత కుంకుమ తుడిచింది. సరిత కార్డు కొంత. యాదగిరన్నది కొంత, షట్టర్ కిందినుంచి వచ్చింది కొంత. చెడిపోయినవని నేను తిట్టిన కార్డులన్నీ పాపం ఆ సందును శుభ్రం చేశాయి. అందుకే ఆంటీ కార్డుకు పచ్చ లైటు వచ్చింది! నేనేమో మంచి కంపెనీ అనుకున్నాను.

"నువ్వే గదరా పండుగనాడు బొట్టు పెట్టినవ్! నేను చూసిన!" అంది చిన్నమ్మ, అందరూ వినేలా. చుట్టుపక్కల మళ్లీ నవ్వులు. నేను ఆటోలోనే కూలబడ్డాను. నా నవ్వులపాటు సరే, అమ్మ పాట? ఆంటీ కార్డు ఇక డబ్బాలో పెట్టనివ్వరు. ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంది.

"అమ్మా..." అన్నాను.

అప్పుడు ఆంటీ కార్డును కొంగున ముడేసుకుని, అమ్మ దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకున్నారు. "రండి వదినగారూ. నా గోంగూర గోల ఊరంతా విన్నారు. నాకు లేని సిగ్గు మీకెందుకు? నేను పక్కన నిలబడతాను, పాడండి."

"వద్దు ఒదినా, నాకు గొంతు రాదు."

"ఎందుకు రాదు? పొద్దున్నే మా పెరట్లోకి వినబడే గొంతు చౌరస్తాలో రాదా? రండి!"

యాదగిరన్న మైకు తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. చిన్నమ్మ ఒక పక్క, ఆంటీ ఒక పక్క. అమ్మ కళ్లు మూసుకుంది. మొదటి మాట వణికింది. రెండో మాటకు కుదురుకుంది. "ఊరు ఊరు కలిసి ఉయ్యాలో" దగ్గరికి వచ్చేసరికి వంకాయలు కోసేవాళ్లు కత్తిపీటలు వదిలేసి చప్పట్లు మొదలుపెట్టారు. ఆంటీకి పాట రాదు, అయినా "ఉయ్యాలో" వచ్చిన ప్రతిసారీ గట్టిగా అందుకున్నారు. అమ్మ గొంతు మైకులో నాగోల్ వైపు, సాగర్ రోడ్డు వైపు, నాలుగు దిక్కులా పోతుంటే నాకు ఒళ్లంతా పులకరించింది. ఏడ్చాను కూడా. దాచుకోవడమెందుకు?

అమ్మ పాట నోటికి వచ్చు, మైకు ఉంది, మనిషి ఎదురుగా ఉంది. నేనేమో పొద్దున్నుంచీ కార్డుల వెంట పరుగెత్తాను!

సరే, ఇప్పుడైనా రికార్డు చేద్దామని గబుక్కున ఫోన్ తీశాను. మెమరీ కార్డు పెట్టమంది. నా కార్డు ఇంట్లో టేబుల్ మీద ఉంది. "సరితా, నీ ఫోన్!" అన్నాను. తను నా వైపు ఒక చూపు చూసింది. యాదగిరన్న అప్పటికే తన ఫోన్ ఎత్తి పట్టుకుని, "సారూ, ఇండ్ల కార్డు లేదంటున్నదేంది?" అని అడుగుతున్నాడు. ఆంటీ కార్డు కొంగు ముడిలో ఉంది, ఆ కొంగు ఆవిడ పాటకు ఊగుతోంది. మా వాళ్లలో ఒక్కరి ఫోన్‌లోనూ ఆ పాట పడలేదు. హార్డ్‌వేర్ ఫ్యాకల్టీ ఇంటి నుంచి అంతమంది వెళ్లి కూడా!

ఇంటికొచ్చాక అమ్మ ముఖం వెలిగిపోతోంది గానీ, నిన్న అన్నం పెడుతూ మెల్లగా అడిగింది. "అందరు మంచిగున్నదన్నరు. పాడుకుంట పాడుకుంట నాకు సమజ్ కాలే. మైకుల నా గొంతు ఎట్లుండెనో నేనొక్కసారి ఇనాలె కొడుకా."

అందుకే మీ దగ్గరికి వచ్చాను. ఆ రోజు చౌరస్తాలో చాలామంది ఫోన్లు ఎత్తి పట్టుకుని తీయడం నేను చూశాను. అటు తిరిగి ఇటు తిరిగి మీలో ఎవరి ఫోన్‌లోకైనా వచ్చి ఉంటే, దయచేసి బ్లూటూత్‌లో పంపండి.

కార్డు తీసి మాత్రం నా చేతికి ఇవ్వకండి.